ఉన్న టైములోనే సాధన: సంకల్పం చెప్పుకుని పని మొదలుపెట్టడం ఎలా

క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు అని మా అమ్మమ్మ అంటుండేది. నా బతుకు పదేళ్ళు అచ్చం అలాగే నడిచింది. పొద్దున్న ఐదున్నరకి లేస్తే రాత్రి పదకొండు దాకా ఏదో ఒకటి చేస్తూనే ఉండేదాన్ని, పడుకునే ముందు ఇవాళ ఏం చేశాను అని చూసుకుంటే చెప్పుకోడానికి ఒక్కటీ దొరికేది కాదు. పూజ చేద్దామంటే టైము లేదు, పారాయణం మొదలుపెడితే మూడో రోజే ఆగిపోయేది, రిటైరయ్యాక చూసుకుందాంలే అని వాయిదా వేసేదాన్ని. ఇప్పటికీ నా రోజులో కొత్తగా గంటలేం పుట్టలేదు, అదే ఆఫీసు, అదే వంట, అదే బస్సు. కానీ ఆ గంటలతో నా సంబంధం మారింది. ఎలా మారిందో, మీరు చేసుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నా.

నాకు ఈ దారి దొరికింది మా నాన్నగారి పూజలోంచి. ఆయన పూజకి కూర్చుంటే దేవుడి దగ్గరకి వెళ్ళేముందు చాలాసేపు ఏదో అడ్రస్ చెప్తున్నట్టు ఉండేది. అద్య బ్రహ్మణః ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే, జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోర్దక్షిణ దిగ్భాగే, శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే అంటూ వచ్చి వచ్చి గోదావరి దగ్గర ఆగి, అక్కడ్నించి సంవత్సరం పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, చివరికి గోత్రం, ఆయన పేరు. దీన్నే సంకల్పం అంటారు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏ పని చేస్తున్నారో చెప్పుకుని మొదలుపెట్టడం. మాకు చిన్నప్పుడు అదంతా దాటేస్తే ప్రసాదం తొందరగా వస్తుంది కదా అనిపించేది. పెద్దయ్యాక ఒకసారి అర్థం తెలుసుకుని కూర్చుంటే ఒళ్ళు జలదరించింది.

ఎందుకంటే ఆ లెక్క చూడండి. బ్రహ్మగారి ఆయుష్షు నూరేళ్ళయితే అందులో సగం అయిపోయి రెండో సగంలో ఉన్నాం, అదే ద్వితీయ పరార్ధం. ఆయనకి ఒక పగలు అంటే ఒక కల్పం, ఇప్పుడు నడిచే పగటి పేరు శ్వేతవరాహం. ఆ పగట్లో పద్నాలుగు మంది మనువులు, మనం ఏడో మనువు వైవస్వతుడి కాలంలో ఉన్నాం. అందులో ఒక కలియుగం 4,32,000 ఏళ్ళు, దాంట్లో ఐదువేల చిల్లర మాత్రమే గడిచింది, అందుకే ఇంకా ప్రథమ పాదే అంటున్నాం. ఇంత పెద్ద కాలం ఒక్కో మెట్టూ దిగుతూ దిగుతూ వచ్చి, రాజమండ్రిలో ఒక మధ్యతరగతి ఇంట్లో, పీట మీద కూర్చున్న ఒక గుమాస్తా దగ్గర ఆగి, ఇదిగో ఈయన ఈ పూట ఈ పని చేస్తున్నాడు అని చెప్తోంది. అంటే ఆ పూటకి అంత విలువుందన్నమాట. అలాంటి పూటలు నేను రోజూ ఎన్ని తెలీకుండా జారవిడుస్తున్నానో అని ఆ రోజు నిజంగా బాధేసింది.

దీని మీద ఒక మాట చెప్పాలి, సంకల్పం ఎవరో కొందరికే అనుకునేవాళ్ళు ఉంటారు. అన్నవరం వెళ్ళి వ్రతాల మండపంలో కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది. అన్ని కులాల వాళ్ళు, అన్ని ఊళ్ళ వాళ్ళు జంటలు జంటలుగా కూర్చుంటారు, పురోహితుడు మైకులో మీమీ గోత్రాలు, పేర్లు చెప్పుకోండి అనగానే మండపమంతా ఒక్కసారి గుసగుసగా నిండిపోతుంది, ఎవరి పేరు వాళ్ళు, పక్కన పిల్లల పేర్లు కూడా. నాకు వ్రతం మొత్తంలో అదే అన్నిటికన్నా ఇష్టమైన క్షణం. ఇంకోటి, మా పక్కింటి ఆవిడ నమాజుకి ముందు నియ్యత్ చేసుకుంటుంది, అంటే నేను ఫలానా నమాజు అల్లా కోసం చేస్తున్నా అని మనసులో నిశ్చయించుకోవడం. అది లేకపోతే నమాజు చెల్లదంట. మేమిద్దరం మేడ మీద బట్టలారేసుకుంటూ ఈ సంగతి మాట్లాడుకున్నాం, రెండిటి ప్రాణం ఒకటే అనిపించింది నాకు.

ఇక చేసే పద్ధతి. ముందు మీ రోజులో ఒకే ఒక్క పని ఎంచుకోండి, రోజూ తప్పకుండా చేసేది, మీకు విసుగ్గా ఉండేదయితే ఇంకా మంచిది. నేను పొద్దున్నే నాలుగు క్యారేజీలు కట్టే పని తీసుకున్నా. ముందురోజు రాత్రే గోడ మీద తెలుగు క్యాలెండర్ చూసి రేపటి తిథి గుర్తు పెట్టుకోవాలి, పొద్దున్న హడావిడిలో చూడలేం. పొద్దున్న స్టవ్వు వెలిగించే ముందు చేతులు ఎలాగూ కడుక్కుంటాం కదా, ఆ నీళ్ళే మనకి నీళ్ళు. సంకల్పం చివర కరిష్యే అన్నాక అప ఉపస్పృశ్య అని నీళ్ళు ముట్టుకోమంటారు, దానికి పంచపాత్ర ఉద్ధరిణే అక్కర్లేదు. చేతులు తుడుచుకుంటూ తెలుగులోనే చెప్పుకోండి: ఇవాళ ఫలానా సంవత్సరం, ఫలానా మాసం, ఫలానా తిథి, ఫలానా వారం, కృష్ణా గోదావరుల మధ్య ఈ ఇంట్లో, ఫలానా నేను, నా పిల్లలు మధ్యాహ్నం కడుపు నిండా తినడం కోసం, పరమేశ్వరుడి ప్రీతి కోసం ఈ వంట చేస్తున్నా. అంతే. ఇరవై సెకన్లు పడుతుంది. ఎవరి కోసం అన్నది మాత్రం పేరుతో సహా చెప్పండి, అందరి కోసం అని చెప్పేస్తే ఎవరి మొహమూ కళ్ళముందుకి రాదు.

సంవత్సరం పేరు గుర్తులేని వాళ్ళకి, 2025 మార్చి 30 ఉగాది నుంచి విశ్వావసు, 2026 మార్చి 19 ఉగాది నుంచి పరాభవ. అరవై పేర్లు తిరుగుతూ ఉంటాయి. ఈ పేర్లంటే నాకు ఇంత ఇష్టం ఏర్పడటానికి అన్నమయ్య కారణం. ఆయన రాగిరేకుల మీద ఎప్పట్నించి ఎప్పటిదాకా సంకీర్తనలు చెప్పారో సంవత్సరాల పేర్లతో చెక్కించారు, క్రోధి నుంచి దుందుభి దాకా అని. ఆ క్రోధి 1424లో వచ్చింది, మొన్న 2024 ఉగాదికి వచ్చింది కూడా క్రోధే. సరిగ్గా పది చుట్లు. ఆయన పదహారేళ్ళ కుర్రాడిగా మొదలుపెట్టి డెబ్భై ఎనిమిదేళ్ళు అదే పని మీద ఉన్నారు, రోజుకి ఒక్క కీర్తనైనా తక్కువ కాకుండా చెప్పేవారని ఆయన మనవడు చరిత్రలో రాసుకున్నాడు. మా పిల్లాడికి ఈ లెక్క చెప్తే కాగితం తీసుకుని తనే వేసి చూసుకున్నాడు.

మొదటి వారం నాకేం తేడా తెలీలేదు, నిజంగానే చెప్తున్నా. చెప్పుకోవడం, మర్చిపోవడం, కూర దింపాక గుర్తురావడం. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో దొండకాయలు చక్రాల్లా తరుగుతున్నా, ఎప్పుడూ ఆ టైముకి బుర్రలో ఆఫీసు లెక్కలు తిరుగుతుంటాయి, ఆ రోజు మాత్రం ఒక కాయ కోస్తే లోపల ఎర్రగా పండిపోయి ఉంది, దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంటూ ఒక్కసారి ఆగిపోయా. దొండకాయ వాసన తెలుస్తోంది నాకు. తడి చాకు తెలుస్తోంది. మూడేళ్ళుగా వారానికి రెండుసార్లు ఆ కూర చేస్తున్నదాన్ని, వాసన తెలిసింది ఆ రోజే. పెద్ద అనుభవం కింద చెప్పట్లేదు, కానీ నేను ఆ పూట ఆ వంటింట్లోనే ఉన్నా. అందుకే వారంలో వదిలెయ్యకండి, ఒక పక్షం పట్టుకోండి, పాడ్యమి నాడు మొదలుపెట్టి పున్నమి దాకానో అమావాస్య దాకానో. పదిహేను తిథులు పూర్తయ్యాక రెండో పని కలపండి, ముందే కలపొద్దు. నేను ఉత్సాహం కొద్దీ బస్సెక్కేటప్పుడు, కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు, గిన్నెలు తోమేటప్పుడు అన్నిటికీ మొదలుపెట్టి నాలుగు రోజుల్లో అన్నీ పోగొట్టుకున్నా.

పనిలో పడ్డాక దేవుడు గుర్తుండడు కదా అని చాలామంది అడుగుతారు. దానికి తిరుమల స్థలపురాణంలో కుమ్మరి కథ ఉంది, కురువ నంబి అంటారు, కుమ్మరి భీముడనీ అంటారు. కుండలు చేసుకుని బతికేవాడు, గుడికి వెళ్ళే తీరిక లేదు. ఇంట్లోనే స్వామి బొమ్మ పెట్టుకుని, పని మధ్యలో చేతికి అంటిన మట్టితోనే పువ్వు చేసి పెట్టేవాడు, మళ్ళీ చక్రం దగ్గరకి వెళ్ళేవాడు. కొండ మీద తొండమాన్ చక్రవర్తి వేసిన బంగారు పువ్వుల మీద ఈ మట్టి పువ్వులు కనిపించేవంట, రాజు ఆశ్చర్యపోయి వెతుక్కుంటూ ఆ కుమ్మరి ఇంటికే వచ్చాడు. కొండలలో నెలకొన్న కోనేటిరాయడు కీర్తనలో అన్నమయ్య తలుచుకున్నది ఈ కుమ్మర దాసుణ్ణే. ఇప్పటికీ తిరుమలలో స్వామికి కులశేఖర పడి, అంటే గర్భగుడి గడప, దాటి లోపలికి వెళ్ళే నైవేద్యం కొత్త మట్టి ఓడులో పెట్టిన పెరుగన్నమే. నేను ఈ కథలో పట్టుకున్నది ఒకటే, ఆయన చేతులు కడుక్కుని వచ్చి పువ్వు చెయ్యలేదు, పని మట్టే పువ్వయింది. కాబట్టి మీ పనిలో మీ చేతికి అంటేది ఏదో చూసుకోండి. టీచరైతే పిల్లల నోటుబుక్కులు దిద్దేటప్పుడు ఒక్క పిల్లాడి పేరు చదివి ఒక్క క్షణం ఆగడం, డ్రైవరైతే ప్రతి స్టాపు దగ్గర బ్రేకు మీద కాలు వేసినప్పుడు శ్రీరామ అనుకోవడం. గీతలో ఎనిమిదో అధ్యాయంలో సర్వేషు కాలేషు మామనుస్మర యుధ్య చ అని ఉంటుంది, అన్ని వేళలా నన్ను తలుచుకో, యుద్ధమూ చెయ్యి అని. యుద్ధం ఆపి తలుచుకోమని అనలేదాయన.

ఇప్పుడు కొంచెం కష్టమైన భాగం. మా అత్తగారు చివరి రెండేళ్ళు మంచంలోనే ఉన్నారు, చాలా మర్చిపోయారు, నన్ను ఒక్కోసారి వాళ్ళ చెల్లెలనుకునేవారు. పగలు ఆయా చూసుకునేది, రాత్రి ఆవిడకి రాగిజావ పట్టించడం నా పని. గోరువెచ్చగా ఉండాలి, పల్చగా ఉండాలి, ఒక చెంచా పోసి ఆగాలి, గుటక పడిన చప్పుడు వినపడ్డాకే రెండో చెంచా, తొందరపడితే పొలమారుతుంది. ఒక గిన్నెడు జావకి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు నాకు మొదట్లో నరకంలా ఉండేవి, గడియారం చూసుకుంటూ కూర్చునేదాన్ని, ఇంకా గిన్నెలున్నాయి, పిల్లాడి హోంవర్కుంది అని. సంకల్పం రెండో పనిగా కలిపింది దీనికే. మంచం పక్కన కూర్చుని పైకే చెప్పేదాన్ని, అత్తయ్యా, ఇవాళ కార్తీక శుద్ధ ఏకాదశి, బుధవారం, మీకు జావ పట్టిస్తున్నా అని. ఒకరోజు అలా చెప్తే ఆవిడ కళ్ళు తెరిచి, ఏకాదశా, అయితే అన్నం వద్దు అన్నారు. నెలల తర్వాత పూర్తి వాక్యం అది. అన్నం కాదత్తయ్యా జావే అంటే, సరే అని నోరు తెరిచారు. ఆవిడకి నా పేరు పోయింది, తిథి పోలేదు. అప్పట్నించి ఆవిడ పోయేదాకా ఒక్కరోజు కూడా తిథి చెప్పకుండా చెంచా పెట్టలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ఇంటి పనంతా ఒక్క ఆడమనిషి మీద పడేసి, సేవ అనుకో, పుణ్యం వస్తుంది అనే వాళ్ళుంటారు. అది అన్యాయం, దానికి భక్తి పేరు పెట్టకండి. నేను మా ఇంట్లో వారానికి మూడు రాత్రులు జావ పట్టించే పని మా ఆయనకి ఇచ్చా, వాళ్ళమ్మ కదా, ఆ ఫలం ఆయనకీ దక్కాలి. మొదట బిత్తరపోయారు గానీ తర్వాత ఆయనే తిథి చూసుకునేవారు. అలాగే నిద్ర. బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలవుతుంది, లేవగలిగితే చాలా మంచిది, కానీ నైట్ షిఫ్టు చేసొచ్చిన వాళ్ళు, పసిపిల్లల తల్లులు దానికోసం ఒళ్ళు చెడగొట్టుకోవద్దు. యుక్త స్వప్నావబోధస్య అని గీతే చెప్పింది, నిద్రా మెలకువా రెండూ తగినంత ఉండాలని. పసిబిడ్డకి రాత్రి మూడింటికి పాలు పట్టే తల్లి ఎలాగూ ఆ వేళకి మేలుకునే ఉంటుంది, ఆవిడకి వేరే సాధన చెప్పేంత పెద్దదాన్ని కాను.

రోజు మొత్తం ఎటు పోతోందో చూసుకోడానికి నేను వాడేది పంచ మహాయజ్ఞాలు. పేరు వినగానే హోమగుండాలు గుర్తొస్తాయి గానీ అసలు విషయం తేలిక. దేవతలకి, ఋషులకి, పితరులకి, తోటి మనుషులకి, మిగతా ప్రాణులకి మనం రుణపడి ఉన్నాం, రోజూ ఎంతో కొంత తీర్చాలి. తైత్తిరీయ ఆరణ్యకంలో దీనికి కొలత ఎంత చిన్నగా పెట్టారంటే, అగ్నిలో ఒక్క సమిధ వేసినా దేవయజ్ఞం అయినట్టే, ఒక్క ఋక్కు చదువుకున్నా బ్రహ్మయజ్ఞం అయినట్టే, పితరులకి నీళ్ళు వదిలినా చాలు. అంటే తీరిక లేని వాళ్ళని దృష్టిలో పెట్టుకునే చెప్పారని నా నమ్మకం. నేను ఆదివారం రాత్రి ఒక డైరీ పేజీలో ఐదు పేర్లు రాసి వారంలో దేనికి ఎంత టైము ఇచ్చానో గుర్తున్నంత వరకు రాస్తా. ఫోన్లో స్క్రీన్ టైము కూడా చూస్తా. ఫోను మొత్తం పాపం ఏం కాదు, అమ్మకి వీడియో కాల్ చేసిన అరగంట పితృయజ్ఞంలోకే వెళ్తుంది, ఒక పద్యం తాత్పర్యం విన్న పది నిమిషాలు ఋషుల ఖాతా. దేనికిందకీ రానిది ఎంతుందో అదే చూసుకోవాలి. మొదటిసారి రాసినప్పుడు నాకు ప్రాణుల దగ్గర ఖాళీ. వారం మొత్తంలో ఒక్క చీమకి కూడా ఏం పెట్టలేదు నేను. మర్నాడు నుంచి పిట్టగోడ మీద గుప్పెడు నూకలు, మట్టి మూకుడులో నీళ్ళు పెట్టడం మొదలుపెట్టా, దానికి రెండు నిమిషాలు.

సాయంత్రం ఒక్క ఘడియ మాత్రం దేనికీ ఇవ్వకుండా ఉంచుకోండి. ఘడియ అంటే 24 నిమిషాలు, రోజుకి అరవై ఉంటాయి, అందులో ఒక్కటి. అసుర సంధ్య వేళ నిద్రపోవద్దు, తినొద్దు, పోట్లాడుకోవద్దు అని పెద్దవాళ్ళు చెప్పేది, దీపం పెట్టు అని చెప్పేది ఇందుకేనేమో. ఆ టైముకి ఇంట్లో ఉండలేని వాళ్ళే ఎక్కువ, నేనూ అంతే, నా సంధ్య చాలాసార్లు బస్సులోనే. ఫోను బ్యాగులో పెట్టి కిటికీలోంచి వెలుగు తగ్గడం చూస్తూ పేరు జపం చేసుకుంటా, వేళ్ళ కణుపుల మీద లెక్క. ఓం నమశ్శివాయ 108 సార్లు అనుకోడానికి నాకు నాలుగు నిమిషాలు పడుతుంది, సిగ్నల్స్ దగ్గరే మాల పూర్తయిపోతుంది. మిగతా టైము ఊరికే కూర్చుంటా.

విదేశాల్లో ఉన్న వాళ్ళకి ఒక చిన్న సంగతి. అక్కడ ఇండియా క్యాలెండర్ చూసి తిథి చెప్పుకోకండి, మీ ఊరి పంచాంగం చూడండి. తిథి సూర్యచంద్రుల మధ్య దూరాన్ని బట్టి ప్రపంచమంతటా ఒకే క్షణంలో మారుతుంది, కానీ మీ సూర్యోదయం వేరు, అందుకే ఇక్కడి ఏకాదశి అమెరికాలో ఒక్కోసారి ముందురోజే వస్తుంది. అక్కడి పురోహితులు జంబూద్వీపే బదులు క్రౌంచ ద్వీపే అంటుంటారు. ఇవేవీ గుర్తుండకపోతే మీ ఊరి పేరు, పక్కన పారే నది పేరు చెప్పుకోండి.

చివర్లో అర్పణం, ఇది వదిలిపెట్టకండి. పక్క మీద కూర్చుని కాయేన వాచా మనసేంద్రియైర్వా శ్లోకం వచ్చిన వాళ్ళు అది చదవండి, రాని వాళ్ళు ఇవాళ చేసిందంతా నీదే స్వామీ అనండి. నేను దానికి ముందు మూడు పూటలు తలుచుకుంటా, ఒకటి బాగా గడిచింది, ఒకటి పాడుచేసుకున్నది, ఒకటి ఇంకొకళ్ళకి ఇచ్చింది. పాడుచేసుకున్న గంటని కూడా అర్పణంలో కలిపెయ్యాలి, కోపంలో పిల్లాణ్ణి కసిరిన పది నిమిషాలు కూడా. మొదట్లో అది దాచేసి మంచివే చెప్పేదాన్ని, అలా చేసిన రాత్రి నిద్ర పట్టేది కాదు. చెప్పేశాక లైటు ఆపేముందు క్యాలెండర్లో రేపటి తిథి చూసుకుని పడుకుంటా. ఇవాళ చూశా, రేపు తదియ, మధ్యాహ్నం దాకా ఉంది. దొండకాయలు ఫ్రిజ్‌లో ఉన్నాయి.